గోల్ఫు మైదానములును మన యిసుక నేలలును

గోల్ఫు ఆటనుగూర్చి ఈ పుటలో ఇంత స్థలము వినియోగించుట చూచి కొందరు పాఠకులు ఆశ్చర్యపడవచ్చును. శ్రీకాకుళ, విజయనగర మండలముల రైతునకు ఆ ఆటతో పనియేమి, పట్టణవాసులలోనైనను దానిని కన్నులార చూచినవా రెందరు అని అడుగవచ్చును. ఆటతో పని లేకపోవచ్చును గాని, ఆ ఆటకు కావలసిన నేలతో మనకు పని కలదు. పదునెనిమిది గుంటల గోల్ఫు మైదానమునకు నూరు మొదలు రెండువందల ఎకరముల వరకు నేల పట్టును. మన సీమలో అంత నేల యొక్కచో దొరకవలెనన్న అది చెరువుగర్భమో, పశువుల బీడో, సర్కారు పోరంబోకో, పేదలకు పట్టాయిచ్చిన బంజరో, సముద్రపుటొడ్డున సరుగుడును జీడిమామిడియు పెరుగు నిసుక పఱ్ఱయో అయియుండును. వీనిలో నేదియు ఎవ్వరికిని అక్కరలేక పడియున్న నేల కాదు.

నేడు ఈ రెండు మండలములలో పేరెన్నికగన్న గోల్ఫు మైదానము లేదు. కాని ఈ స్థితి చిరకాలము నిలుచునని తలంపరాదు. విజయనగరము జిల్లా భోగాపురమున అంతర్జాతీయ విమానాశ్రయమునకు 2023 మే 3వ తేదీని శంకుస్థాపన జరిగినది. విమానాశ్రయము వచ్చినచోట పెద్ద హోటళ్లు వచ్చును. పెద్ద హోటళ్లు వచ్చినచోట గోల్ఫు ప్రసంగమును వచ్చును. ఆ ప్రసంగము కాగితములపైకి ఎక్కకమునుపే, ఇతర ప్రదేశములలో ఈ మైదానములు ఎట్లు వెలసినవో, అందువలన ఎవ్వరికేమి లాభించినదో, ఎవ్వరేమి కోల్పోయిరో మన ప్రజలు తెలిసికొనియుండుట మేలని మా తలంపు.

ఆట పుట్టిన నేల

గోల్ఫు స్కాట్లండు దేశమున పెరిగిన ఆట. 1457లో ఆ దేశపు పార్లమెంటు, ప్రజలు ఈ ఆటలో మునిగి విలువిద్య మరచుచున్నారని దీనిని నిషేధించినది. దానినిబట్టియే అది అప్పటికి ఎంత వ్యాపించియుండెనో ఊహింపవచ్చును. సముద్రమునకును సాగుభూమికిని నడుమ నుండు ఇసుకదిబ్బల పచ్చికబయళ్లను వారు లింక్సు అందురు. నాగలి పట్టని నేల అది. గొఱ్ఱెలు మేయుటకును, వలలు ఆరవేయుటకును, కుందేళ్లు బొరియలు త్రవ్వుకొనుటకును మాత్రమే తగినది. అట్టి నేలపై ఊరివారు కఱ్ఱయు బంతియు చేతబట్టుకొని ఆడిరి. మన పిల్లలు కోతలైన పొలములో బిళ్లంగోడు ఆడినట్లే యని చెప్పవచ్చును.

ఆ మైదానములలో పేరుమోసినది సెయింట్ ఆండ్రూసు పట్టణమునందున్నది. 1552లో అచ్చటి ఆర్చిబిషప్పు హామిల్టను వ్రాసియిచ్చిన శాసనపత్రమున ఆ లింక్సుపై ఆడుకొను హక్కు పట్టణప్రజలదని స్పష్టపరుపబడినది. 1797లో పట్టణసభ అప్పులపాలై ఆ నేలను అన్యాక్రాంతము గావించెను. అంతట కుందేళ్ల వ్యాపారులు దానిని ఆక్రమించి నేలనంతయు బొరియలమయము చేసిరి. ఆటగాండ్రకును వ్యాపారులకును ఇరువదియేండ్లకు పైగా వ్యాజ్యములు సాగినవి. తుదకు 1821లో చీపు అను నొక భూస్వామి ఆ నేలను కొని ఆటకు నిలిపెను. 1894లో పార్లమెంటు చట్టము మూలమున అది మరల పట్టణముచేతికి వచ్చినది. 1974లో దాని నిర్వహణకు ధర్మకర్తృసంఘ మేర్పడినది.

నేటికిని ప్రపంచప్రఖ్యాతమైన ఆ మైదానమున ఆదివారము సాధారణముగ ఆట ఉండదు; ఆనాడు ఊరివారు పిల్లలతోడను కుక్కలతోడను అందు షికారు చేయుదురు. మొదటి గుంట బాటకును కడపటి గుంట బాటకును అడ్డముగా ప్రజలు నడచు దారి యొకటి సముద్రమునకు పోవును. ఆటకై ఆ దారిని మూసినవారు లేరు. లోకమున ఎంతటి ధనికుడైనను ఆ దారిని నడచు పామరుడు దాటువరకు బంతిని కొట్టక నిలువవలసినదే. ఆట పుట్టినచోట దానికిని ప్రజల నేలకును గల సంబంధ మిట్టిది.

కంచెలోనికి చేరిన ఆట

ఈ ఆట మన దేశమునకు వచ్చునప్పటికి దాని స్వరూపము మారిపోయినది. 1829లో కలకత్తాయందు డండం వద్ద స్థాపితమైన సంఘము బ్రిటిషు దీవులకు వెలుపల నెలకొన్న గోల్ఫు సంఘములలో మొట్టమొదటిది. దానికి 1911లో రాజబిరుదము లభించినది. 1842లో బొంబాయియందును, 1876లో బెంగుళూరునందును సంఘము లేర్పడినవి. స్కాట్లండులో జాలరియు ఆడిన ఆట ఇచ్చట దొరల దండులకును క్లబ్బులకును పరిమితమైనది. నేల మనది; పచ్చిక కోయు చేతులు మనవి; సంచి మోయు భుజములు మనవి. ఆడువారు మాత్రము వేరు.

అయినను విద్య యెక్కడ దాగును? సంచులు మోసిన బాలురే చూచి చూచి నేర్చుకొనిరి. ఢిల్లీ క్లబ్బులో సంచిమోయు వృత్తినుండి పైకివచ్చిన ఆలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ పోటీని గెలిచెను. ఆ పోటీలో నెగ్గిన భారతీయ వృత్తి ఆటగాండ్రలో మొదటివా డాతడే. 1993లో మరల గెలిచెను. కలకత్తా మైదానమున పచ్చిక పెంచు పనివాని కుమారుడు చౌరాసియా 2008లో ఇండియన్ మాస్టర్సును, 2016, 2017 సంవత్సరములలో వరుసగా ఇండియన్ ఓపెనును గెలిచి యూరపు ఆటగాండ్రను తలవంచజేసెను. 2016లో గోల్ఫు మరల ఒలింపిక్సు క్రీడలలో చేరినది. 2021లో జరిగిన టోకియో క్రీడలలో బెంగుళూరు కన్య అదితి అశోక్ నాలుగవ స్థానమున నిలిచి పతకమునకు వెంట్రుకవాసి దూరములో ఆగిపోయినది. కావున ఇది పరుల ఆట, మనకు పనికిరాదని త్రోసివేయుట మా యుద్దేశము కాదు. కంచె యెవ్వరిది, తలుపు ఎవ్వరికి తెరవబడును అనునదే మా ప్రశ్న.

ముడసర్లోవ

మనకు మిక్కిలి సమీపమున నున్న గోల్ఫు మైదానము విశాఖపట్టణమునందలి ఈస్టుపాయింటు క్లబ్బువారిది. 1950 ఆగస్టు 15వ తేదీని శ్రీకాకుళము, 1979 జూన్ 1వ తేదీని విజయనగరము వేరు జిల్లాలుగా ఏర్పడు వరకు మన కన్నింటికిని విశాఖయే ముఖ్యపట్టణము గనుక ఆ మైదానమును మన సీమలోనిదిగనే యెంచవచ్చును. దాని పేరు సముద్రతీరమును తలపించును. తీరమున ఆ పేరు గల పేట నేడు ఇండ్లతో నిండియున్నది. మైదానము మాత్రము ఊరికి ఉత్తరముగా, కొండల నడుమ, ముడసర్లోవ జలాశయము చెంత నున్నది. పూర్వము విశాఖకు మంచినీ రొసగిన జలాశయ మది. 2018లో దాని నీటిపై తేలు సౌరఫలకములతో 2 మెగావాట్ల విద్యుత్కేంద్రము నెలకొల్పబడినది.

పెరుగుచున్న మహానగరమునకు నడుమ పదునెనిమిది గుంటల పచ్చికబయలు మిగిలియుండుట యొకవిధముగ మేలే. ఆ నేల మైదానముగ నుండనిచో ఈపాటికి అంతస్తుల మేడలు లేచియుండెడివని దాని పక్షమువారు చెప్పుమాట కొట్టివేయదగినది కాదు. వాన కురిసిన నీరు ఇంకుటకు నగరమున చోటు కావలెను గదా. ఐనను, ఊరికి నీరిచ్చు చెరువు చెంతను, ప్రజల వనమునకు ప్రక్కను గల నేల కొలదిమంది సభ్యుల యనుభవమున నుండుటనుగూర్చి ప్రశ్న మాసిపోదు. ప్రక్కనున్న ఆరిలోవ పేటలలో పిల్లలకు ఆడుకొన చోటు చాలదు. నగరము పెరిగినకొలది ఈ ప్రశ్న మరింత గట్టిగ వినవచ్చును.

గోలకొండయు మణికొండయు

తెలుగుదేశమున ఖ్యాతికెక్కిన తక్కిన మైదానములు హైదరాబాదునందున్నవి. అందొకటి గోలకొండ కోటలోని నయాఖిల్లాయందున్నది. 1656లో ఔరంగజేబు ముట్టడి తప్పిపోయిన పిదప, ఉత్తరదిశనున్న మిట్టనుండి శత్రువులు మరల ఫిరంగులు పేల్చకుండ అబ్దుల్లా కుతుబ్‌షా ఆ మిట్టను కోటలో కలిపి గోడ కట్టించెను. అందు ప్రాచీనమైన మసీదులును, తోట జాడలును, ఏనుగుచెట్టని జనులు పిలుచు మహావృక్షమును గలవు. ఆఫ్రికాదేశపు జాతియగు ఆ వృక్షము బోదెలో మనుషులు దూరి కూర్చుండునంత తొఱ్ఱ కలదు. అట్టి చోట గోల్ఫు మైదానము నిర్మింపబడినది. కోట బురుజుల నీడలో బంతి కొట్టుట ఆటగాండ్రకు ఆనందదాయకమే. కాని నేల త్రవ్వుటనుగూర్చియు, చరిత్రాభిమానుల రాకపోకలనుగూర్చియు పురావస్తుశాఖవారికిని నిర్వాహకులకును తగవులు పుట్టి న్యాయస్థానములకు ఎక్కినవి. జాతి యంతటికిని చెందిన కోటను చూడబోవువాడు ఆటగాండ్ర వాకిటిమీదుగా పోవలసివచ్చుట సంతోషింపదగిన విషయము కాదు.

రెండవది మణికొండ ప్రాంతమున బండరాళ్ల నడుమ వెలసిన బౌల్డర్ హిల్సు. పీటర్ హారడైన్ అను ప్రసిద్ధ శిల్పి దీనిని రూపొందించెను. కోట్ల యేండ్ల నాటి గుండ్లను పగులగొట్టక వానినే శోభగా నిలుపుకొని మైదానమును తీర్చిన నేర్పును మెచ్చుకొనవలసినదే. దీని భూమికథ మాత్రము వేరు. పరిశ్రమలకని ప్రభుత్వసంస్థ సేకరించిన భూమిలో 235 ఎకరములు గోల్ఫునకు కౌలుగ నియ్యబడినవి. ఆ ప్రక్క నేల విలువైన గృహములకు పోయినది. ఆ గృహస్థలముల విక్రయముపై 2011లో కేంద్ర నేరపరిశోధక సంస్థ కేసు నమోదు చేసినది. తప్పెవ్వరిదో తేల్చుట న్యాయస్థానముల పని. మన మెరుగవలసిన నీతి యొకటి కలదు: ఈ కాలమున గోల్ఫు మైదానము ఒంటరిగ రాదు. దాని చుట్టును ఇండ్లస్థలములు వచ్చును. పచ్చికను చూపి స్థలమునకు ధర పెంచుట వ్యాపారరహస్యము. ఆట పేరుతో అడిగిన నేలలో ఆటకెంత, అమ్మకమున కెంత అని మొట్టమొదటనే లెక్క అడుగవలెను.

మన తీరము

ఇక మన సీమకు వత్తము. శ్రీకాకుళము జిల్లాకు సుమారు 193 కిలోమీటర్ల సముద్రతీరము కలదు. ఆంధ్రరాష్ట్రమున ఇంత పొడవైన తీరము మరియొక జిల్లాకు లేదు. విజయనగరమునకు భోగాపురము, పూసపాటిరేగ మండలములలో సుమారు 28 కిలోమీటర్లు కలదు. కళింగపట్టణము వద్ద వంశధార సముద్రమున కలియుచోటునుండి బారువ మీదుగా ఇచ్ఛాపురమువరకు ఇసుకదిబ్బలు, మొగలిపొదలు, సరుగుడు తోపులు, వాని వెనుక ఉద్దానపు కొబ్బరియు జీడిమామిడియు కనుపట్టును. స్కాట్లండువారి లింక్సువంటి నేల తెలుగుదేశమున నెచ్చట కలదని యెవరైన వెదకిన ఇచ్చటికే రావలసియుండును.

కాని ఈ దిబ్బలు ఖాళీగా లేవు. తుపాను పోటునకు అవియే మొదటి కట్ట. 2014 అక్టోబరు 12వ తేదీని హుద్‌హుద్, 2018 అక్టోబరు 11వ తేదీని తిత్లీ తుపానులు కొట్టినపుడు తీరమున చెట్టును దిబ్బయు ఎంత విలువగలవో మన రైతులు కన్నీళ్లతో నేర్చుకొనిరి. ఇచ్చటి ఇసుకలో సముద్రపు తాబేళ్లు గ్రుడ్లు పెట్టును. మత్స్యకారులు పడవలను లాగి నిలుపుకొనుటయు, వలలు బాగుచేసికొనుటయు, చేపలు ఆరబెట్టుకొనుటయు ఇచ్చటనే. 2011, 2019 సంవత్సరముల తీర నియంత్రణ ప్రకటనలు ఇసుకదిబ్బలను, తాబేళ్లు గ్రుడ్లుపెట్టు తావులను కాపాడదగిన ప్రదేశములుగ చేర్చినవి. కాగితముమీది రక్షణ నేలమీద నిలుచుటకు ఊరివారి కాపలా అవసరము.

ఆ కాపలా యేమియో మన సీమవారికి చెప్పనక్కరలేదు. సోంపేట బీలను పనికిరాని నేలగ చూపి అందు బొగ్గు విద్యుత్కేంద్రము పెట్టబూనగా, అందు చేపలు పట్టుకొనువారును, పశువులు మేపుకొనువారును, ఆ నీటితో పొలము తడుపుకొనువారును ఎదిరించిరి. 2010 జూలై 14వ తేదీని పోలీసు కాల్పులలో ప్రాణములు పోయినవి. 2011 ఫిబ్రవరి 28వ తేదీని కాకరాపల్లి వద్దను అట్టి ఘోరమే జరిగినది. రెవిన్యూ దస్త్రములో బంజరని వ్రాసినంతమాత్రమున ఒక నేల బంజరు కాదని ఆ రెండు ఊర్లు దేశమునకు నేర్పినవి. భోగాపురమునందును విమానాశ్రయమునకని తొలుత తలపెట్టిన విస్తీర్ణము రైతుల యాందోళనవలన తగ్గి తగ్గి 2,200 ఎకరముల ప్రాంతమునకు దిగినది. మొదట అడిగినంతయు అవసరమే యైనచో అంత తగ్గుట యెట్లు సాధ్యమైనది?

నీటి లెక్క

నేలకంటెను నీరు గడ్డు సమస్య. వేడి దేశములలో పదునెనిమిది గుంటల మైదానపు పచ్చికకు ఎండకాలమున దినమునకు పది లక్షల లీటర్ల వరకు నీరు పట్టునని చెప్పుదురు. పల్లెలలో మనిషి యొక్కనికి దినమునకు 55 లీటర్లు కుళాయిద్వారా ఇయ్యవలెనని కేంద్రప్రభుత్వపు నియమము. ఆ లెక్కను చూచిన, ఒక్క మైదానము త్రాగు నీరు పదునెనిమిది వేల మందికి సరిపోవును.

ఇది ఊరక చెప్పు లెక్క కాదు. ఉద్దానమున కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో మూత్రపిండముల వ్యాధి ఎన్ని సంసారములను కూల్చినదో లోకమెరుగును. దానికి మూలకారణము ఇంకను నిశ్చయముగ తేలలేదు. కాని మంచి నీరియ్యవలెనన్న విషయమున భిన్నాభిప్రాయము లేదు. హిరమండలము జలాశయమునుండి వంశధార నీటిని గొట్టములగుండ తెచ్చు పథకము సుమారు 700 కోట్ల రూపాయల వ్యయముతో 2023 డిసెంబరునందు ప్రారంభింపబడినది. ఒక తరము నిరీక్షించి తెచ్చుకొన్న నీరది. అట్టి సీమలో నేలక్రింది నీటిని యంత్రములతో తోడి పచ్చిక తడుపుట ధర్మమగునా? తీరమున నీరు మితిమీరి తోడిన ఉప్పునీరు లోనికి చొచ్చుననియు, ఒకసారి చొచ్చిన తరములవరకు పోదనియు మన రైతులకు తెలియనిది కాదు.

మార్గము లేకపోలేదు. బెంగుళూరు గోల్ఫు మైదానములలో మురుగునీటిని శుద్ధిచేసి పచ్చికకు వాడు పద్ధతి అమలునకు వచ్చినది. పూర్వము నీరు చాలని దండు బస్తీలలో గుంటచుట్టు పచ్చికకు బదులు నూనెతో అణచిన ఇసుకనే పఱచి బ్రౌనని పేరుపెట్టి ఆడెడివారు. ఆడవలెనన్న కోరిక కలవారికి ఎండిన నేల యడ్డము రాలేదు.

మన క్రీడల కెంత నేల యిచ్చితిమి?

ఈ ప్రసంగమున మరియొక లెక్కయు చూడవలెను. మన సీమ క్రీడలలో వెనుకబడినది కాదు. 1882లో వీరఘట్టమున పుట్టి, విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడై, కలియుగభీముడని దేశదేశముల కీర్తిగాంచిన కోడి రామమూర్తినాయుడు మనవాడు. ఆమదాలవలస చెంత ఊసవానిపేటలో బరువు లెత్తుట నేర్చిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19వ తేదీని సిడ్నీలో 240 కిలోలెత్తి, ఒలింపిక్సు పతకము పొందిన మొదటి భారతస్త్రీయైనది. నెల్లిమర్లకు చేరువనున్న కొండవెలగాడ బరువులెత్తువారి గ్రామముగ పేర్గాంచినది. ఆ యూరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్తు క్రీడలలో రజతపతకము గెలిచినది. వీరి కెంత నేల కావలసివచ్చినది? ఒక పాక, నాలుగు గజముల గట్టి నేల, ఇనుప కడ్డీ, గురువు.

మరియొక ప్రక్క విజయనగరము మహారాజకుమారుడు విజయానంద గజపతి, విజ్జీ యని ప్రఖ్యాతుడు, క్రికెట్టునకు ధారాళముగ ధనము వెచ్చించి 1936లో ఇంగ్లండునకు పోయిన భారతజట్టుకు నాయకుడయ్యెను. మూడు టెస్టులలో ఆరుసార్లు బ్యాటు పట్టి ఆయన చేసిన పరుగులు మొత్తము 33. ఆయన క్రికెట్టునకు చేసిన పోషణను మేము కాదనము. కాని సంపదవలన నాయకత్వము లభించునే గాని పరుగులు రావని ఆ చరిత్ర చెప్పుచున్నది. శ్రీకాకుళమున కోడి రామమూర్తి పేరు పెట్టిన క్రీడాస్థలమే పునర్నిర్మాణము పేరిట ఏండ్ల తరబడి అసంపూర్ణముగ పడియుండుట చూచినవారు, నూరెకరముల పచ్చికకు తొందరపడువారిని చూచి ఏమనుకొందురు?

మేము కోరునది

గోల్ఫు మైదానము రాకూడదని మేము శపథము పట్టలేదు. యాత్రికులు రావలెను, వలసపోవు మన యువకులకు ఊరిలో పని దొరకవలెను. కాని అది వచ్చునెడల కొన్ని నియమములకు లోబడి రావలెను. చెరువు, గెడ్డ, బీల, ఇసుకదిబ్బ, పేదల పట్టాభూమి, వీనిని తాకరాదు. శాలిహుండము, రామతీర్థమువంటి ప్రాచీనస్థలముల దరికి రాకూడదు. గోలకొండ తగవు మన కక్కరలేదు. ప్రభుత్వభూమి యైనచో అమ్మకము కూడదు, కౌలు మాత్రమే యుండవలెను. ఎన్ని ఎకరములో, ఎన్ని యేండ్లకో, ఎంత సొమ్మునకో, అందు ఇండ్లస్థలములకు పోవున దెంతయో తెలుగున వ్రాసి గ్రామసభ యెదుట చదువవలెను. శుద్ధిచేసిన మురుగునీరు తప్ప అన్యజలము వాడరాదు. సముద్రమునకు పోవు దారిని మూయరాదు. వారమున కొకనాడు ఊరివారికి తలుపు తెరచియుంచవలెను. చుట్టుప్రక్కల పాఠశాలల బాలబాలికలకు ఉచితముగ ఆట నేర్పవలెను. చౌరాసియావంటివాడు సంచి మోసియే నేర్చుకొనవలసిన యగత్యము స్వతంత్రదేశమున ఉండరాదు.

ఇవి దుర్భరములని ఎవరైన అన్నచో, వీనిలో చాలభాగము ఆ ఆట పుట్టిన పట్టణమునందే నేటికిని నడచుచున్నవని వారికి జ్ఞాపకము చేయుదము. మన భూస్వాములకును ఒక మనవి. సెయింట్ ఆండ్రూసు లింక్సును వ్యాపారుల చేతినుండి విడిపించినవాడు ఒక భూస్వామియే. ఊరుమ్మడి నేలపై పత్రములు మీ యెదుటికి వచ్చినపుడు చదువక చేవ్రాలు చేయకుడు. గ్రామసభ పిలుపు వచ్చినపుడు ఇంట కూర్చుండకుడు. మీ ఊరి దస్త్రములో బంజరని వ్రాసిన ప్రతి సర్వేనంబరునందును నేడు ఏ పశువులు మేయుచున్నవో, ఏ వలలు ఆరుచున్నవో, ఏ నీరు నిలుచుచున్నదో ఇప్పుడే వ్రాయించి పంచాయతీ తీర్మానముగ నిలుపుడు. అడుగువారు వచ్చిన పిదప వ్రాయించు వ్రాతకంటె ముందు వ్రాయించిన వ్రాతకు న్యాయస్థానమున బలమెక్కువ.